అన్ని రుగ్మతల వెనకా ఒకటే ఉందా?

విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన సినాప్సిస్ ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని నిదానంగా చదివాను. మూడు జిల్లాల ప్రభుత్వాసుపత్రుల సైకియాట్రీ ఓపీలకు వచ్చేవాళ్లను పదకొండు రకాల లక్షణాల గురించి అడుగుతానన్నావు. ఆ జవాబుల మీద, అన్ని లక్షణాలకూ ఉమ్మడిగా ఒక కారకాన్నీ కొన్నిటికే చెందే విడి కారకాలనూ పక్కపక్కనే లెక్కగట్టే బైఫ్యాక్టర్ మోడల్ నడిపి, అన్నిటి వెనకా ఉన్న ‘పి ఫ్యాక్టర్’ను పట్టుకుంటానన్నావు. చివరి పేజీలో ఇంకో అడుగు ముందుకు వేశావు. ఒక్కో మనిషికీ ఒక పి స్కోరు లెక్కగట్టి, ఎవరికి ముందు వైద్యం అందాలో దాన్నిబట్టి తేల్చవచ్చని రాశావు. ముందు పేజీలు నాకు నచ్చాయి. ఆ చివరి పేజీ దగ్గరే నీతో వాదించాలి. ఫోనులో తేలే సంగతి కాదు గనక రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఈ విషయం ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఓపీలో కూర్చున్న ప్రతి డాక్టరుకూ తెలిసిన నిజం, పుస్తకాలు చాలాకాలం పక్కన పెట్టిన నిజం ఒకటి దీని అడుగున ఉంది. మానసిక రుగ్మతలు విడివిడిగా రావు. నిద్ర పట్టడం లేదని వచ్చినామె కాసేపటికి గుండెదడ గురించి చెబుతుంది, ఇంకాసేపటికి బతకాలని లేదంటుంది. తాగుడు మాన్పించమని భార్య తీసుకొచ్చిన మనిషి, ఆమె బయటికి వెళ్లాక, తాగకపోతే నలుగురిలోకి అడుగుపెట్టలేనంత భయమని చెబుతాడు. కేస్ షీట్‌లో జబ్బు పేరు రాయడానికి ఉన్న గడి ఒకటే, రాయాల్సిన పేర్లు మూడు. అలాంటివాళ్లను తాగుడుకు ఒకచోటికి, దిగులుకు ఇంకోచోటికి తిప్పడం, రెండుచోట్లా వాళ్లు పూర్తిగా ఎవరికీ చెందకుండా పోవడం నేను నా ఉద్యోగమంతా చూశాను. నీ పని వాళ్లకు ఉపయోగపడాలనే నా ఆరాటం.

అమెరికన్ సైకియాట్రిస్టుల రుగ్మతల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం మూడో కూర్పు 1980లో వచ్చింది. అంతకుముందు ఒకే రోగిని చూసి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు పెట్టేవాళ్లు. ఏ రుగ్మతకు ఏ లక్షణాలు ఉండాలి, ఎన్నాళ్లు ఉండాలి అని జాబితాలు రాసి ఆ గందరగోళాన్ని చాలావరకు తగ్గించారు. అది మేలే చేసింది. అయితే ఆ కూర్పులో ఒక కట్టుబాటు ఉండేది: పెద్ద రుగ్మత ఉన్నచోట దాని కిందికి వచ్చే చిన్న రుగ్మతను విడిగా లెక్కపెట్టకూడదు. 1987 సవరణలో ఆ కట్టుబాట్లలో చాలావాటిని తీసేశారు. అప్పటిదాకా కనబడకుండా ఉన్నది లెక్కల్లోకి వచ్చింది. రొనాల్డ్ కెస్లర్ బృందం అమెరికాలో 8,098 మందిని ప్రశ్నించి 1994లో ఫలితాలు ప్రకటించింది. జీవితకాలంలో వచ్చిన రుగ్మతలన్నిటిలో సగానికి పైగా, జనంలో 14 శాతం మందిలోనే పోగుపడి ఉన్నాయి. ఆ 14 శాతం మందీ మూడు లేదా అంతకన్నా ఎక్కువ రుగ్మతలు అనుభవించినవాళ్లు. 2019లో డెన్మార్క్ జాతీయ రికార్డుల్లోని 59 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం దీన్నే మరింత గట్టిగా చెప్పింది. రుగ్మతలను పది పెద్ద తరగతులు చేసి చూస్తే, ఏ ఒక్కటి వచ్చినా మిగతా తొమ్మిదింటికీ అవకాశం పెరుగుతోంది, ఆ పెరుగుదల ఏళ్ల తరబడి నిలుస్తోంది.

ఈ కలయికకు ఒక అమరిక ఉందన్న సంగతి ఇంకా పాతది. 1966లో థామస్ ఆకెన్‌బాక్, మానసిక వైద్యానికి వచ్చిన 300 మంది మగపిల్లలు, 300 మంది ఆడపిల్లల కేసు చరిత్రలకు, కలిసి వచ్చే లక్షణాలను గుంపులుగా తేల్చే ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేశాడు. భయాలు, దిగులు, ఒంటి నొప్పులు ఒక గుంపుగా వచ్చాయి. అబద్ధాలు, దొంగతనాలు, కొట్లాటలు మరో గుంపుగా వచ్చాయి. బాధ లోపలికి తిరగడం ఒకటి, బయటికి తన్నుకురావడం ఇంకొకటి. 1999లో రాబర్ట్ క్రూగర్ కెస్లర్ బృందం డేటాతోనే పెద్దవాళ్లలోనూ దాదాపు ఇదే అమరిక చూపించాడు. కానీ ఆ రెండు గుంపులూ ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి. అన్నిటికీ పైన ఒకే సాధారణ కారకం ఉందా అని 2012లో బెంజమిన్ లేహీ బృందం 43,093 మంది అమెరికన్ల డేటాను పెట్టుకుని అడిగింది. 2014లో అవ్షలోమ్ కాస్పి, టెర్రీ మాఫిట్ బృందం న్యూజిలాండ్‌లోని డునెడిన్ డేటాతో దానికి పేరు పెట్టింది.

డునెడిన్ అధ్యయనం నువ్వు చదివే ఉంటావు, అయినా దాని గొప్పతనం చెప్పకుండా ఉండలేను. 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా ఆ ఊళ్లో పుట్టినవాళ్లలో 1,037 మందిని మూడేళ్ల వయసు నుంచి ఈనాటికీ వెంట ఉండి చూస్తున్నారు. ఎవరు ఏ దేశంలో ఉన్నా పిలిపించుకుంటారు. వాళ్లకు 18 నుంచి 38 ఏళ్లు వచ్చేదాకా విడతలుగా అడిగిన జవాబులనుంచి పదకొండు రకాల లక్షణాలు తీసుకుని, అన్నిటి మీదా బరువు మోపే ఒక కారకాన్ని చూపించి దాన్ని ‘పి’ అన్నారు. పి ఎక్కువున్నవాళ్ల జీవితాలు ఎక్కువ దెబ్బతిన్నాయి, కుటుంబాల్లో మానసిక రుగ్మతలు ఎక్కువ, పసితనంలోనే మెదడు పనితీరులో తేడాలు కనబడ్డాయి. నీ పదకొండు ఎక్కడినుంచి వచ్చాయో తెలుస్తూనే ఉంది.

పి అన్న పేరు చార్లెస్ స్పియర్‌మన్ ‘జి’ని తలపించేలా పెట్టినదే. బడిపిల్లల్లో ఒక సబ్జెక్టులో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ బాగా చేయడం చూసి, అన్నిటి వెనకా సాధారణ మేధస్సు ఒకటి ఉందని స్పియర్‌మన్ 1904లో అన్నాడు. ఫ్యాక్టర్ ఎనాలిసిస్ పుట్టిందే అక్కడ. ఆ వాదన నూట ఇరవై ఏళ్లయినా ముగియలేదు. ఆ మధ్యకాలంలో ఒక సంఖ్యను వస్తువుగా నమ్మినవాళ్లు బళ్లలో పిల్లలను ఏరారు, దేశాల సరిహద్దుల్లో మనుషులను ఏరారు. నువ్వు పి గురించి రాయబోయే ప్రతి వాక్యం ఆ చరిత్ర వెనక వస్తోందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇక్కడ నెమ్మదిగా చదువు, ఎందుకంటే నీ సినాప్సిస్ మొత్తం దీనిమీదే నిలబడింది. నీ పదకొండు లక్షణాల మధ్య సహసంబంధాల పట్టిక వేస్తే అన్నీ ధనాత్మకంగా వస్తాయి. వస్తాయని ముందే చెప్పగలను, డెన్మార్క్ అంతా అదే చెప్పింది. అన్నీ ధనాత్మకంగా ఉన్న పట్టికలోంచి మొదటి ప్రధాన అంశాన్ని తీస్తే, దానిమీద పదకొండు లక్షణాల బరువులూ ఒకే గుర్తుతో వచ్చి తీరుతాయి. ఇది మనోవైద్యం కనిపెట్టిన సంగతి కాదు. ఆస్కర్ పెరాన్ 1907లో నిరూపించిన గణిత సిద్ధాంతం. అంటే సాధారణ కారకం ‘బయటపడింది’ అన్న వాక్యంలో, లక్షణాలు కలిసి పెరుగుతున్నాయన్న పాత సంగతిని మించి కొత్త సమాచారం ఏమీ లేదు. ఎందుకు కలిసి పెరుగుతున్నాయి అన్నదే ప్రశ్న, దానికి ఆ లెక్క జవాబు చెప్పదు.

చెప్పదని 1916లోనే గాడ్‌ఫ్రీ థామ్సన్ చూపించాడు. పాచికలు వేసి కృత్రిమంగా కొన్ని ‘పరీక్షల’ మార్కులు తయారుచేశాడు. వాటిలో సాధారణ కారకం లేదని అతనికి తెలుసు, ఎందుకంటే తయారుచేసింది అతనే. ఒక్కో మార్కూ చిన్నచిన్న కారణాల పెద్ద గుంపులోంచి కొన్నింటిని తీసుకుని కూడినది, ఒక్కో జత పరీక్షలు కొన్ని కారణాలను పంచుకుంటాయి, అంతే. అయినా స్పియర్‌మన్ జికి రుజువుగా చూపిన సంఖ్యల అమరిక వాటిలో అచ్చంగా కనబడింది. స్పియర్‌మన్ తప్పని అది నిరూపించలేదు. ఆ అమరిక ఒక్క కారణానికే సాక్ష్యం కాదని నిరూపించింది. పి గురించి ఎవరేం రాసినా, థామ్సన్ పాచికలతో కూడా ఇదే వచ్చేదా అని ఒకసారి అడుగు.

ఇంకా దగ్గరగా రా. నీ లక్షణాలకూ పికీ మధ్య అంచెలో కారకాలు మూడున్నాయి: లోపలికి తిరిగేవి, బయటికి వచ్చేవి, ఆలోచన చెదిరేవి. ఆ మూడింటి మధ్య సహసంబంధాలు మూడు. వాటిపైన పి అనే కారకాన్ని కూర్చోబెడితే నువ్వు అంచనా వేయాల్సిన బరువులూ మూడే. మూడింటితో మూడింటిని ఎప్పుడైనా సరిపెట్టవచ్చు. కాబట్టి పి పైన ఉన్న మోడల్, పి లేకుండా మూడు కారకాలూ ఊరికే ముడిపడి ఉన్న మోడల్ నీ డేటాకు సరిసమానంగా సరిపోతాయి. నీ దగ్గర కోటిమంది ఉన్నా డేటా ఆ రెండిటి మధ్య తీర్పు చెప్పలేదు. అందుకే బైఫ్యాక్టర్ ఎంచుకున్నానంటావు, అది మెరుగ్గా సరిపోయింది గనక. బైఫ్యాక్టర్‌కు ఉన్న స్వేచ్ఛ ఎక్కువ. నిర్మాణమే లేని యాదృచ్ఛిక డేటాకు కూడా అది బాగా సరిపోతుందని బోనిఫే, కాయ్ 2017లో చూపించారు. వేరే మోడల్‌తో పుట్టించిన డేటాలో కాస్త కల్తీ చేరితే చాలు, సరిపోలిక సూచికలు బైఫ్యాక్టర్ వైపే మొగ్గుతాయని యాష్లీ గ్రీన్ బృందం 2019లో చూపించింది. డునెడిన్ పేపర్‌లోనే బైఫ్యాక్టర్ మొదట నడవలేదు. ఆలోచన చెదరడమనే విడి కారకం పిలో కలిసిపోయింది, దాన్ని తీసేయాల్సి వచ్చింది. వాళ్లు దాన్ని దాచలేదు, నిజాయితీగా రాశారు. నువ్వూ అలాంటివి వచ్చినప్పుడు అనుబంధంలోకి నెట్టకుండా అసలు పాఠంలోనే రాయాలి.

ఇంత చెప్పాక పి అసలు ఏమిటని అడుగుతావు. నాకు తోచినంతలో అది ధరల సూచీ లాంటిది. కందిపప్పు, నూనె, బస్సు ఛార్జీ కలిసి పెరుగుతున్నాయి గనక సూచీ లెక్కకడతాం. అది అబద్ధం కాదు, దాన్ని చూసి జీతాలు సవరిస్తారు. కానీ కందిపప్పు ధర పెరిగింది సూచీ వల్ల అని ఎవరూ అనరు.

కలిసి పెరగడానికి నిజమైన కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మనం ప్రశ్న రాసేటప్పుడే లోపల పెట్టేస్తాం. నీ ప్రశ్నావళి తీసి చూడు. నిద్ర కుంగుబాటు కింద ఉంది, ఆందోళన కింద ఉంది, ప్రమాదం తర్వాతి భయం కింద మళ్లీ ఉంది. ఏకాగ్రత అంతే, చిరాకు అంతే. ఒక రాత్రి నిద్ర లేనిదాన్ని మూడు గడుల్లో నింపి, ఆ మూడు గడులూ ముడిపడి ఉన్నాయని ఆశ్చర్యపోతే ఎలా? పైగా డీఎస్ఎంలో దాదాపు ప్రతి రుగ్మతకూ చివర ఒక షరతు ఉంటుంది, గణనీయమైన బాధగానీ పనికి అడ్డంకిగానీ ఉండాలని. అన్ని గడుల్లోనూ ఆ ఒక్క షరతు కూర్చుని ఉంటుంది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే మనఃస్థితిలో అన్నిటికీ జవాబు చెప్పడం దానికి తోడు. వీటిలో ఏదీ పరిశోధకుల మోసం కాదు. కానీ వీటన్నిటి మొత్తాన్నీ మనిషి లోపలి ఒక గుణంగా చదవకూడదు.

పదకొండు గడుల్లో ఏమున్నాయన్నది పి స్వరూపాన్నే మార్చేస్తుంది. డునెడిన్‌లో స్కిజోఫ్రీనియా, ఉన్మాదం, అబ్సెషన్ల లక్షణాలు ఉన్నాయి, అక్కడ పి ఆ ఆలోచనా లోపాల వైపు వాలింది. లేహీ బృందం జనంలో ఎక్కువగా కనబడే రుగ్మతలనే తీసుకుంది, స్కిజోఫ్రీనియా లేదు. ఇప్పుడు రెండిటినీ పి అనే అంటున్నారు. అసలు పి అంటే ఏమిటన్నదానికి కాస్పి, మాఫిట్ 2018లో నాలుగు వివరణలు ముందు పెట్టారు: ఎప్పుడూ ఉండే అశాంతి, భావావేశాన్ని ఆపుకోలేకపోవడం, మేధోశక్తిలో లోటు, ఆలోచన చెదరడం. ఈ నాలుగూ ఒకటి కాదు, వాటికి వైద్యం కూడా ఒకటి కాదు.

మన ఓపీ సంగతి చూడు. తల భారం, ఒళ్లంతా మంటలు, కాళ్లు లాగడం, గ్యాస్, నీరసం. డునెడిన్ పదకొండింటిలో ఒంటి బాధకు విడిగా గడి లేదు. రోమన్ కొటోవ్ బృందం 2017లో ప్రకటించిన హైటాప్ అనే వర్గీకరణలో ఒంటి లక్షణాలకు ఒక విభాగం ఇచ్చారు, అదీ తాత్కాలికమని రాసి. మన దగ్గర మనసు బాగాలేనివాళ్లు అన్నిటికన్నా ముందు చెప్పేది ఒంటి గురించే. ఆ గడి లేకుండా నువ్వు తీసే పి మన ఓపీది కాదు, న్యూజిలాండ్ గడుల్లో మన మనుషులను కుదించినది. ఆ ఒక్క మార్పుతోనే నీ థీసిస్‌కు ఇంకెవరి దగ్గరా లేని బలం వస్తుంది. నువ్వు చేయగలిగిన పనుల్లో ఇదే అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం.

కాలాన్ని కూడా నువ్వు వదిలేశావు. తాగుడు మనిషి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, ఉద్యోగం పోయాక దిగులు పడతాడు, దిగులుతో నిద్ర పట్టదు, నిద్ర కోసం మళ్లీ తాగుతాడు. వీటి వెనక ఒకే కారకం ఉండక్కర్లేదు, ఒకటి ఇంకోదాన్ని లాగుతోంది. డెన్నీ బోర్స్‌బూమ్, ఆంజెలిక్ క్రామర్ లాంటివాళ్లు లక్షణాలను ఇలా వలగా చూడమంటారు. ఆ వలనుంచి పుట్టిన డేటాకు కూడా పి మోడల్ చక్కగా సరిపోతుంది. రెండిటినీ వేరుచేయాలంటే ఒకే మనిషిని మళ్లీమళ్లీ కలవాలి. డునెడిన్ బృందం 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 45 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో 86 శాతం మంది ఏదో ఒక రుగ్మత ప్రమాణాలను కనీసం ఒకసారి అందుకున్నారు. వాళ్లలో చాలామంది ఒకే రుగ్మతలో ఉండిపోకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారారు. మానసిక రుగ్మత ఎవరో కొందరిదని అనుకునేవాళ్లందరికీ ఈ 86 చూపించాలనిపిస్తుంది నాకు. ఒక్కసారి ఓపీలో కూర్చోబెట్టి తీసిన డేటాలో ఈ నడక కనబడదు.

అంతకన్నా లోతైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. పి మనుషుల మధ్య తేడాలనుంచి తీసినది. వెయ్యిమందిలో ఆందోళన ఎక్కువున్నవాళ్లకే కుంగుబాటూ ఎక్కువ ఉండవచ్చు. అయినా ఆ వెయ్యిమందిలో ఒకామెను తీసుకుని రోజూ చూస్తే, ఆమెలో ఆందోళన పెరిగిన రోజున కుంగుబాటు తగ్గవచ్చు. మనుషుల మధ్య కనబడే సంబంధం ఒక్క మనిషి లోపల జరిగేదాన్ని శాసించదు. మనం వైద్యం చేసేది ఆ ఒకామెకు.

ఇదంతా చదివి పిని వదిలేయమంటున్నానని అనుకోకు. రుగ్మతల మధ్య గోడలు పలుచనన్నదానికి లెక్కల బయట కూడా ఆధారాలున్నాయి. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 25 మెదడు సంబంధ జబ్బుల జన్యు డేటాను పోల్చింది. మనోరుగ్మతలు జన్యువుల్లో ఒకదానితో ఒకటి చాలా పంచుకుంటున్నాయి, పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బులు అంతగా పంచుకోవడం లేదు. మన మందుల బీరువా చూసినా అంతే. కుంగుబాటుకు ఇచ్చే మందునే పానిక్‌కూ అబ్సెషన్‌కూ ఇస్తాం. డేవిడ్ బార్లో ఒక్కో ఆందోళన రుగ్మతకూ ఒక్కో పద్ధతి కాకుండా అన్నిటికీ ఒకే చికిత్స తయారుచేశాడు. 2017లో వచ్చిన పరీక్షలో అది విడివిడి పద్ధతులతో సమానంగా పనిచేసింది. ఇన్ని జబ్బులకు ఇన్ని పద్ధతులు నేర్చుకునే తీరిక మన జిల్లాల్లో ఏ సైకాలజిస్టుకు ఉంది? అందుకే ‘సాధారణ నిర్మాణం’ అన్న మాట మనలాంటి చోటుకు చాలా విలువైనది. అక్కడిదాకా నేను నీ పక్షమే.

చివరి పేజీ సంగతి వేరు. ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో ఒక్కో మనిషి స్కోరు ఒక్కటిగా తేలదు. ఒకే మోడల్‌కు, ఒకే డేటాకు సమానంగా సరిపోయే వేర్వేరు స్కోర్లు సాధ్యమని ఇ.బి. విల్సన్ 1928లోనే స్పియర్‌మన్‌కు చూపించాడు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు గారు 1955లో సైకోమెట్రికాలో ఫ్యాక్టర్ ఎనాలిసిస్ మీద ఒక వ్యాసం రాశారు. మీ గైడ్ గారిని అడిగి తెప్పించుకో. కొలిచిన వాటితో అత్యధికంగా ముడిపడే కారకాలేవి అన్నదానినుంచి మొదలుపెట్టి, ఎన్ని కారకాలు చాలో పరీక్షించే పద్ధతిదాకా నడుస్తారు. మొదలు పెట్టింది కొలిచిన వాటిదగ్గర అన్నది గమనించు. కనబడని దానికి పేరు పెట్టే తొందర ఆ వ్యాసంలో ఎక్కడా లేదు.

నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇంత కరువులో ఎవరికి ముందు అన్న ప్రశ్న నీకు తట్టడం సహజం, తట్టినందుకు మెచ్చుకుంటున్నాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు వేరేచోట ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉందా, తింటున్నాడా, పనికి వెళ్లగలుగుతున్నాడా, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా. ఇవి నేరుగా అడగవచ్చు. రెండు వారాలుగా ఇంట్లోవాళ్లకు తెలియకుండా మాత్రలు పోగుచేస్తున్న అమ్మాయికి మిగతా పది గడులూ ఖాళీగా ఉండవచ్చు. నీ స్కోరులో ఆమె కింద ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు ఆ పేజీ కొట్టేయడానికి. అదొక్కటే కాదు, ఓపీ చీటీ మీద ఒకసారి సంఖ్య పడితే అది ఫైలుతో పాటు తిరుగుతుంది. పిల్ల పెళ్లికీ కుర్రాడి ఉద్యోగానికీ అడ్డం వస్తుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం నీ చేతిలోనూ నా చేతిలోనూ ఉండదు.

ఇక చేయాల్సినవి. ఓపీకి వచ్చినవాళ్లనే తీసుకుంటే, రెండు బాధలున్నవాళ్లు ఆసుపత్రికి రావడానికి అవకాశం ఎక్కువ గనక నీ సహసంబంధాలు వక్రంగా వస్తాయి. జోసెఫ్ బెర్క్‌సన్ 1946లో హెచ్చరించింది ఇదే. మూడు జిల్లాల్లో ఒక్కదాన్ని వదిలేసినా ఫర్వాలేదు, ఆ డబ్బుతో ఒక మండలంలో ఇంటింటికీ వెళ్లు, ఆశా కార్యకర్తలు తోడు వస్తారు. మొదటిసారి కలిసినవాళ్లలో కొందరినైనా ఆరు నెలలకోసారి మళ్లీ కలిసేలా పథకం వేసుకో. నిద్ర, ఏకాగ్రత, చిరాకు ప్రశ్నలను ఒక్కసారే అడిగి విడిగా ఉంచు. ఒంటి బాధలకు గడి పెట్టు. మోడళ్లను సరిపోలిక సూచికలతో పోల్చి ఊరుకోకు. ఏడాది తర్వాత ఎవరు మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు, ఎవరు పనిలోకి వెళ్లారు అన్నది పి ఎంత ముందుగా చెప్పిందో చూడు. పక్కనే లక్షణాలను ఊరికే కూడిన మొత్తం ఎంత చెప్పిందో కూడా చూడు. కూడికను మించి పి ఏమీ చెప్పకపోతే ఆ మాట అలాగే రాయి. అది ఓటమి కాదు, మండల ఆసుపత్రిలో నర్సు కాగితం మీద చేయగలిగిన కూడిక చాలన్న మంచి వార్త.

ఆగస్టులో మీ అమ్మ దగ్గరికి వస్తానన్నావుగా. వచ్చేటప్పుడు నువ్వు ముందుగా ప్రయోగంగా అడిగిన నలభైమంది జవాబులు తీసుకురా, మోడల్ నడపకుండానే. మనిద్దరం ఒక్కో కాగితం చదువుదాం, ఎవరు ఏ ప్రశ్న దగ్గర ఆగారో, ఏది అడిగితే ఇంకేదో చెప్పారో చూద్దాం. సహసంబంధాల పట్టిక ఆ తర్వాత వేద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ